నాలుగో దారి

“ఎవరు చేసిండ్రు కాకా ఈ పన్ను?” హనుమండ్లు నోట్లోంచి అద్దం తీస్తూ అడిగింది డాక్టర్ వనజ.

“ఎవరో ఒకరు. మూడు నెలలాయె. రూట్ కెనాల్ అన్నరు, క్యాప్ పెట్టిండ్రు. గప్పటిసంది ఎడమ దిక్కు నమలుడే బంద్. మటన్ బొక్క కొరికి ఎన్నాళ్లాయెనో!”

“మందమర్రిల డాక్టర్లు లేరా, కరీంనగర్ దాకా వచ్చినవ్?”

“ఉన్నరు. అందుకే వచ్చిన.”

వనజ నవ్వి, మత్తు సూది వేసి, క్యాప్ విప్పింది. భూతద్దాలు పెట్టుకొని చాలాసేపు వెతికింది. చివరకు సన్నని సూది ఒకచోట దిగింది.

“దొరికింది! ఈ పై దవడ పన్నుకు మూడు వేర్లు. వేరుకో దారి అనుకుంటం. కానీ చానా మందికి ముందటి వేర్ల ఇంకో దారి దాగుంటది, వెంట్రుకంత. నీకు అండ్లనే నరం కుళ్లింది.”

బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన హనుమండ్లు తలూపాడు. “బాయిల గూడ గంతే. నక్షల లేని దారే కొంప ముంచుతది. కట్టెతోని పైకప్పును కొట్టి, చప్పుడు ఇని అడుగెయ్యాలె. గా తెలివుండద్దా?”

పని ముగిసినా అతడు కుర్చీ దిగలేదు.

“ఎక్స్‌రే ఇయ్యి. యాడ దాగిందో, ఎట్ల దేవులాడాల్నో కాయితం మీద రాసియ్యి.”

వనజ చేయి ఆగింది. “కేసు పెడ్తవా కాకా?”

“నీకెందుకమ్మా ఫికర్?”

“కొత్త డాక్టరా?”

“బోర్డు మీద రంగు గూడ ఆరలే.”

“ఇది ఎవరికైనా తప్పుతది. నేనూ తప్పిన. ఒక్క కాయితానికి ఆ క్లినిక్ మూతపడ్తది. జర సోచాయించు.”

“మూడు నెలలు సోచాయించే వచ్చిన. కాయితంల నా పేరు మాత్రం రాయకు.”

“చాటుకుండి రాయి ఏసుడా?” వనజకు ఒళ్లు మండింది. అయినా పేషెంటు అడిగితే ఇవ్వక తప్పదు. ఇచ్చింది.

హనుమండ్లు నేరుగా పోస్టాఫీసుకు పోయి, ఎక్స్‌రేను, కాయితాన్ని కవర్లో పెట్టాడు. తన రాత కనబడకుండా, పక్కనున్న మనిషితో కవరు మీద మందమర్రి క్లినిక్ చిరునామా రాయించాడు. పంపినవారి పేరు దగ్గర ఖాళీ వదిలేశాడు. కవరు డబ్బాలో పడిందో లేదో, జేబులో ఫోన్ మోగింది. “క్యాప్ పెట్టిన పన్ను ఎట్లున్నది నాయినా?” మందమర్రి నుంచి కూతురు అడిగింది.

మొద్దుబారిన చెంపను చేత్తో పట్టుకొని, మాట తడబడకుండా నెమ్మదిగా అన్నాడు.

“నువ్వు చేసిన పన్ను మస్తుగున్నది బిడ్డా.”