ఇంటాయన మెచ్చిన దరువు

ఢబ్. ఢబ్. ఢబ్.

గోడ అవతల నుంచి మూడు దెబ్బలు పడేసరికి ట్రంకుపెట్టె మీద ఆడుతున్న ఇన్నయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నోట్లో సగం వచ్చిన మాటను కూడా మింగేశాడు.

"అయిపాయె. పెద్దాయనకు మల్ల కోపమొచ్చింది" అనుకున్నాడు.

పెద్దాయన అంటే ఇంటి ఓనరు సుబ్బరాయుడు గారు. గుంతకల్లు నుంచి వచ్చి, ఉద్యోగమంతా రైలింజన్ల బాయిలర్ల మధ్య గడిపి, తార్నాకలో ఇల్లు కట్టుకుని రిటైరైన మనిషి. పొద్దస్తమానం వరండాలో పడక్కుర్చీలో పేపరు పట్టుకుని ఉంటారు. ఇన్నయ్య నమస్తే పెడితే తలెత్తరు. ఎప్పుడన్నా తలెత్తితే ఆ చూపుకే ఇన్నయ్య పక్కకు తప్పుకుంటాడు. అందుకే అద్దెకు దిగింది మొదలు అతని రాకపోకలన్నీ పక్క సందులోంచే.

ఏం చెప్పాలన్నా ఇంటావిడ ఈశ్వరమ్మ గారే వంటింటి తలుపు దగ్గర నిలబడి చెప్పేది. అదీ తన మాటగా ఏనాడూ చెప్పి ఎరగదు. "ఆయన చెప్పమన్నారు" అనే మొదలుపెట్టేది. ఆ తరం ఇల్లాళ్ళు చాలామంది అంతే కదా.

ఇన్నయ్య యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాడన్నది పేరుకే. అతని ప్రాణమంతా దరువులో ఉంది. పాట పాడడు, పద్యం చదవడు. పెట్టె మీద దరువేస్తూ, ఆ దరువు మీద ప్రాస మాటలు గడగడా దొర్లిస్తాడు. "గిది పాటనా, కొట్లాటనా?" అని పోయినేడు హాస్టల్ డే నాడు ఈలలేసి స్టేజీ దింపేశారు. ఆ సిగ్గుకే హాస్టల్ వదిలి ఈ గదిలో చేరాడు. ఇప్పుడు యూనివర్సిటీ డే వస్తోంది. చదువుకిదే ఆఖరు ఏడు. ఈసారీ ఈలలే పడితే జన్మలో దరువు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. చేతిలో చేటతో ఈశ్వరమ్మ గారు.

"ఇన్నయ్యా, ఆయన చెప్పమన్నారు."

"ఖాళీ చేయమన్నరా అమ్మా?"

"అదేం లేదులే. దరువు ఉరుకులాడతాండాదంట. రైలు తప్పిపోతాదన్నట్టు ఆ తొందర యాల? నిదానించమని గోడ మీద కొడితే, నువ్వు నోరే మూసుకుంటివంట."

ఇన్నయ్య పెట్టె వదిలి లేచి నిలబడ్డాడు. ఆ రాయిలాంటి మనిషికి దరువు తెలుసా?

"మాటలెట్లున్నయన్నరు?"

"యాదీ, ఇంకోసారి చెప్పు. పోయి అడిగొస్తా."

ఇన్నయ్య ఈసారి నిదానంగా అందుకున్నాడు.

"తార్నాక కాడ బస్సే రాదు,
వచ్చిన బస్సుల జాగే లేదు,
జాగ దొరికితె పైసే లేదు,
పైసలున్నోనికి ఫికరే లేదు."

ఈశ్వరమ్మ గారు చేట అంచు మీద వేళ్ళాడిస్తూ విని, వంటింట్లోకి పోయి, చిటికెలో తిరిగొచ్చింది.

"కడాకు చప్పగుండాదంట. 'పైసలున్నోనికి బస్సే వద్దు' అంటే బాగుంటాదంట."

ఇన్నయ్య ఆ ముక్కను నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాడు. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా తనకు తట్టని మాట. భయం కాస్తా భక్తి అయింది.

అప్పటినుంచి పెద్దాయన వదల్లేదు. ట్రంకుపెట్టె మోత మొరటుగా ఉందన్నారట, ఇత్తడి బిందె వచ్చింది. అడుగున గలగల కావాలన్నారట, గుప్పెడు కందులు పోసి మూత బిగించిన డబ్బా వచ్చింది. స్నేహితులు వస్తే ధ్యాస చెదురుతుందన్నారట, వాళ్ళు రావడం మానేశారు. తప్పు పోయినప్పుడల్లా గోడ ఢబ్బుమనేది. గోడ అవతల మోగే రేడియో ఆపేసి మరీ కొట్టేవారు.

"ఒక్కసారి పోయి కాళ్ళు మొక్కొస్తనమ్మా" అన్నాడు ఇన్నయ్య ఒకరోజు ఉండబట్టలేక.

"వద్దు నాయనా. మొగం మీద పొగిడితే ఆయనకు గిట్టదు."

యూనివర్సిటీ డే రానే వచ్చింది. సెక్రెటరీ రంగనాథ్ బిందెను చూసి మొహం చిట్లించాడు. "నీళ్ళకు వచ్చినావా, స్టేజీకి వచ్చినావా? ఈలలు మొదలైతే కర్టెన్ వేసేస్తా. మళ్ళీ నన్ననొద్దు."

ఈలలు మొదలయ్యాయి కూడా. ఇన్నయ్య బిందె ముందు కూర్చుని దరువందుకున్నాడు. పరుగెత్తబోయిన చేతికి గోడ మీది దెబ్బలు గుర్తొచ్చాయి. నిదానించాడు. బస్సు రాలేదు, జాగ దొరకలేదు, పైసలు లేవు. "పైసలున్నోనికి బస్సే వద్దు" అనేసరికి హాలు ఘొల్లుమంది. రోజూ బస్సు కోసం కాళ్ళు లాగేలా నిలబడే పిల్లలు మరి. రెండో విడతకు కుర్చీల చేతుల మీద అందరూ దరువే. కర్టెన్ తాడు పట్టుకున్న రంగనాథ్ కూడా తలాడించాడు. కప్పు ఇన్నయ్యకే వచ్చింది.

ఇక ఆగితే ఒట్టు. లాలాపేట నుంచి వచ్చే క్లాస్‌మేట్ వీరస్వామిని వెంటబెట్టుకుని, మొదటిసారి ముందు గేటు తెరిచాడు. వీరస్వామి వాళ్ళ నాయన కూడా ఆ బాయిలర్ల దగ్గర పనిచేసినవాడే. ఇన్నయ్య కప్పును సుబ్బరాయుడు గారి ఒళ్ళో పెట్టి కాళ్ళ మీద పడ్డాడు.

"మీరు దిద్దకుంటె నేనెక్కడ సార్? ఆ బస్సు ముక్క మీదే. గోడ మీద మీరు కొట్టిన ప్రతి దెబ్బ నాకు పాఠమే. గీ కప్పు నాది కాదు, మీది."

సుబ్బరాయుడు గారు కప్పును చూసి, కుర్రాణ్ణి చూసి, చల్లగా నవ్వి, "మంచిది, మంచిది" అన్నారు వీధంతా వినబడేలా. తలుపు చాటున ఈశ్వరమ్మ గారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

గేటు బయటికి వచ్చాక వీరస్వామి ఇన్నయ్యను వింతగా చూశాడు.

"పిచ్చిగాని పట్టిందార? గంతసేపు గాయినతోని ఏం మాట్లాడినవ్?"

"ఏమాయెరా?"

"ఆయినకు బ్రహ్మచెవుడు."