కమ్మీల బెంచీ

“మీరు మనుషులా, ముళ్లకంచెలా? నడుం వాల్చే బెంచీకి అడ్డంగా ఇనుప కమ్మీలు కొట్టించింది మీరే! నిద్రపోవడాన్ని నేరం చేసింది మీరే!”

మైకక్క అరుపుకి కమిటీ గదిలో టీ కప్పులు గలగలమన్నాయి. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఆమెకా పేరు. నిలువ నీడ లేనివాళ్ల కోసం పోట్లాడే సంస్థ ఆమెది. ఊళ్లోని బస్ షెల్టర్లన్నిటిలో బెంచీలకి కమ్మీలు బిగించాలన్న తీర్మానం ఇవాళ మున్సిపల్ కమిటీ ముందుకొచ్చింది. అది పాసైతే దిక్కులేనివాళ్లకి ఇక నేలే గతి. అందుకే, నమూనాగా ముందే కమ్మీలు బిగించిన బెంచీ ఒకదాన్ని ఆమె ఏకంగా గదిలోకే మోయించుకొచ్చింది.

“ప్రభుత్వ ఆస్తి ఊడబీకారా?” చైర్మన్ గుడ్లురిమాడు.

“తెచ్చి మీకే ఇచ్చాంగా!”

ఆమె పక్కన పెద్దమ్మ కూర్చుంది. బస్ షెల్టరే ఆవిడ ఇల్లు. సాక్ష్యం చెబుతుందని తీసుకొస్తే ఇంతవరకు నోరే విప్పలేదు. కుర్చీలో కూర్చోగానే చెప్పులు తీసి ఒళ్లో పెట్టుకుంది. సంచీ తాడు కాలికి చుట్టుకుంది.

ఇంజనీరు నవ్వాడు. బక్కపలచటి మనిషి, మడత నలగని చొక్కా. కమ్మీల ఆలోచన ఆయనదే.

“భయపడకమ్మా, ఇక్కడ నీ చెప్పులెవరూ ఎత్తుకుపోరు.”

“అవును, మీకు చెప్పులెందుకు, వీళ్ల నిద్ర ఎత్తుకుపోతే చాలు,” అంది మైకక్క. “ముందు వీళ్లు తలదాచుకునే గదులు కట్టండి. ఆ తర్వాత బెంచీల జోలికి రండి!”

“అమ్మా, అవి చేతులు ఆనించుకునే కమ్మీలు. ముసలివాళ్లు లేచేటప్పుడు ఆసరా.”

“లేవడానికి ఆసరా, పడుకోవడానికి సమాధి!”

“పడుకోవద్దని నేనన్నానా? పడుకోమనండి.”

“మీరు పడుకుని చూపించండి మరి!”

“మీ గోల తెల్లారేలా లేదు. నేనే చూస్తా,” అంటూ చైర్మన్ భారీకాయం లేచింది. బెంచీ మీద ఒరిగింది. కమ్మీ డొక్కలో దిగింది. “అమ్మో!” అని కేక. సభ్యులు ఫైళ్లు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

చైర్మన్ నడుం రుద్దుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. “నిజమేనయ్యా. దీని మీద పిల్లి కూడా పడుకోదు. తీర్మానం పక్కన పెట్టేద్దాం.”

మైకక్క పెద్దమ్మ భుజం గట్టిగా పట్టుకుంది. గెలిచినట్టే!

ఇంజనీరు మొహం ఎర్రబడింది. “ఒక్క నిమిషం సార్. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీళ్ల సంగతి. నేను చూపిస్తా.”

బూట్లు విప్పాడు. రెండూ చేర్చి తల కింద పెట్టుకున్నాడు. బ్యాగు పట్టీ కాలికి చుట్టాడు. పక్కకి తిరిగి, మోకాళ్లు ముడిచి, కమ్మీల కిందనుంచి పాములా జారాడు. లైటు కళ్లలో పడకుండా మొహం బెంచీ వీపు వైపు తిప్పేశాడు. అంతే. ఒక్క కమ్మీ కూడా ఆయనకి గుచ్చుకోలేదు.

“చూశారా సార్? హాయిగా ఉంది!”

సభ్యులు చప్పట్లు కొట్టారు. చైర్మన్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఇంకేం మరి! బెంచీలో ఏ లోపమూ లేదు. లోపం నా పొట్టలో ఉంది. తీర్మానం పాస్ చేద్దామా?”

చేతులు లేస్తున్నాయి. మైకక్క పెద్దమ్మ వైపు తిరిగింది. ఈ రాత్రి పెద్దమ్మని ఎక్కడ పడుకోబెట్టాలి?

పెద్దమ్మ కాలి తాడు విప్పుకుంది. చెప్పులు చంకలో పెట్టుకుని మెల్లగా బెంచీ దగ్గరికి నడిచింది. ఇంజనీరు తల కింద బూట్లని చూసింది. కాలికున్న పట్టీని చూసింది. వంగి, ఆయన మొహంలోకి చూసింది.

ఇంజనీరు గబుక్కున లేవబోయాడు. కమ్మీ ఆపేసింది.

పెద్దమ్మ మొదటిసారి నోరు విప్పింది.

“ముందు ఈ కమ్మీలు పీకించరా అయ్యా, ఏ బస్టాండులో పడుకునేవాడివో తర్వాత చెబుదువుగాని.”