వినే కంచం

ఊళ్ళో బూడిద గాలి మొదలయ్యాక ఇంటింటికీ వినే కంచాలు వచ్చాయి. అన్నం కలుపుతుంటే అవి వేళ్ల గుండా రక్తనాళాల చప్పుడు పట్టి అందరికీ వినిపించేవి. ఆకుకూర బాగా తిన్నవాళ్ల నాళాలు ఆ గాలిని తట్టుకుని, మెత్తగా, పిల్లకాలువ పారినట్టుండేవి. తిననివాళ్లవి గట్టిపడి ఎండిన దిరిసెనకాయల్లా గలగలమనేవి. ఎదురింటి శాంభవి కంచం అలా గలగలమన్న నెలకే ఆమె పోయింది.

హైమవతి రోజూ భర్త కంచాన్నీ కూతురి కంచాన్నీ చెవులు రిక్కించి వినేది. మనిషికింతని ఇచ్చే ఆకుకూరలో తన వంతు కూడా వాళ్లకే వడ్డించి, చివర్లో కూరగిన్నె అడుగున ఇంత అన్నం కలుపుకుని తినేది. ఆమె కంచం అలమారు దిగనే లేదు.

"ఇవాళ నీ పుట్టినరోజమ్మా. ఆ గిన్నె ఇటిచ్చి మాతో కూర్చో," అంది కూతురు మేదిని, తల్లి కంచాన్ని అలమారులోంచి దించుతూ.

"గిన్నెలో కలుపుకుంటే వచ్చే రుచి నీకేం తెలుసే," అంటూనే హైమవతి కంచం ముందు కూర్చుంది.

ముద్ద కలపగానే గదంతా గలగల.

"కంచం పాడైనట్టుంది. ఇందులో తిను," అంటూ భర్త రామభద్రం తన కంచం జరిపాడు. అంతవరకూ కాలువలా పారిన ఆ కంచం కూడా ఆమె వేళ్లు తగలగానే గలగలమంది.

మేదిని గబగబా తన తోటకూరంతా తల్లికి వేసేసింది. "తినమ్మా, నీకు దండం పెడతా."

"తింటానే, తింటాను," అంది హైమవతి. ఆమె చెయ్యి మాత్రం, ఆమెకు తెలియకుండానే, ఆ కూరను మళ్లీ కూతురి కంచంలోకి తోస్తోంది.