డీజిల్ లేని టవరు

కళింగపట్నం టవరు పక్కన ఫొటో దిగబోతూ ఉమాశంకర్ ఆగిపోయాడు.

కంచె కింద నుంచి ఒక నల్ల వైరు బయటికి పాకి, పక్కనున్న రేకుల ఇంట్లోకి వెళ్లింది.

"ధనరాజ్, ఏమిటిది?"

అతని అసిస్టెంటు ధనరాజ్ వంగి చూశాడు. "వైరు సార్."

"అది నాకూ కనబడుతోంది. ఎవరిది?"

ధనరాజ్ మళ్లీ వంగి చూశాడు.

ఉమాశంకర్ పలుకు టెలికాంకి విజయనగరంలో జోనల్ మేనేజరు. చవక డేటా కంపెనీలు వచ్చిపడ్డాక పలుకు టెలికాం పని అయిపోవచ్చింది. ఖర్చు తగ్గించినవాడికి బోనస్ అంది హెడ్డాఫీసు. ఉమాశంకర్ ముందు టవర్ల జనరేటర్లకు డీజిల్ ఆపేశాడు. తర్వాత బ్యాటరీలు అమ్మించాడు. ఆ తర్వాత టెక్నీషియన్లను ఇంటికి పంపాడు. బోనస్‌తో ఆయనకు కొత్త కారు వచ్చింది. ఆఫీసు గదికి రెండో ఏసీ కూడా వచ్చింది.

టవర్లు మాత్రం ఒక్కొక్కటే మూగబోయాయి.

చివరికి కళింగపట్నం టవరు ఒక్కటే పలుకుతోంది.

"లీడర్‌షిప్ సరిగ్గా ఉంటే టవరు డీజిల్ లేకుండానే నడుస్తుంది," అని మీటింగులో చెప్పాడు ఉమాశంకర్. ఎలా నడుస్తోందని ఎవరూ అడగలేదు. చైర్మన్ చప్పట్లు కొట్టాడు. ఉత్తమ నాయకుడి అవార్డు ప్రకటించాడు. ఈ ఫొటో అందుకే.

రేకుల ఇంట్లోంచి ఒకామె బయటికి వచ్చింది. చేతుల నిండా చేప పొలుసులు. పేరు తాతమ్మ.

"ఎవులు బాబూ మీరు?"

"ఈ టవరు మాది. మా కరెంటు దొంగిలించడానికి సిగ్గు లేదూ?"

తాతమ్మ అతని బూట్ల నుంచి కళ్లద్దాల దాకా చూసింది.

"మీదా? ఇన్నాళ్లకి గేపకమొచ్చినాదేటి?"

"మాటలు జాగ్రత్త!"

"టవరోలు ఎవులైనా వస్తే సెప్దామని సూస్తన్నాను బాబూ. ఒక్కలూ రానేదు. ఈ వైరు..."

"వైరు సంగతి పోలీసులకు చెప్పుకో."

ఉమాశంకర్ అక్కడికక్కడే కరెంటు ఆఫీసుకు ఫోను చేశాడు. దొంగను స్వయంగా పట్టుకున్నానని, వెంటనే మనిషిని పంపమని గట్టిగా చెప్పాడు.

"లైన్‌మాన్ వచ్చేదాకా ఆగుదాం సార్," అన్నాడు ధనరాజ్.

"లీడరన్నవాడు ఆగడు."

కారులోంచి కటింగ్ ప్లేయరు తెప్పించి, దాన్ని పట్టుకుని ఫొటో దిగాడు. దిగాక ధనరాజ్ చేతిలో పెట్టాడు.

"కొయ్యి."

తాతమ్మ అడ్డం వచ్చింది.

"కొయ్యకండి బాబూ! మావోలు సంద్రం మీదున్నారు. గాలి తిరిగినాది. కోస్తే మీకే నట్టం, సెప్తన్నాను!"

"చూశావా, బెదిరిస్తోంది! కొయ్యవయ్యా!"

ధనరాజ్ కళ్లు మూసుకుని నొక్కాడు. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది.

ఉమాశంకర్ వెంటనే చైర్మన్‌కు వీడియో కాల్ కలిపాడు. కలవలేదు. ఫోను పైకెత్తాడు. కలవలేదు. కొత్త కారు బానెట్ ఎక్కి నిలబడ్డాడు.

"గాలికి సిగ్నల్ ఊగుతున్నట్టుంది," అన్నాడు.

తాతమ్మ కూడా ఫోను చెవికి ఆనించుకుంది. రెండోసారి ప్రయత్నించింది. చేతిలో ఫోను అలాగే పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది.

ఆమె మొగుడు పోతురాజు వేటకెళ్లాడు. గాలి తిరిగిన రోజు ఒడ్డున కెరటం ఏ పక్క తక్కువగా ఉందో ఆమె చూసి ఫోనులో చెబితే ఆ పక్క నుంచి పడవను ఒడ్డుకు తెస్తాడు. ఇవాళ చెప్పే దారి లేదు.

బోర్లించిన పడవ మీదికెక్కి చీర కొంగు ఊపుతూ అరిచింది. "ఉత్తరంకి రా! ఉత్తరంకి!"

గాలి ఆ కేకను ఊళ్లోకే తిప్పికొట్టింది.

ధనరాజ్ కాసేపు బానెట్ మీద ఉన్న బాసును చూశాడు. కటింగ్ ప్లేయరు జేబులో పడేసి, ఆమె వెనకే పరుగెత్తాడు.

పోతురాజు పడవ కెరటం మీద పక్కకు ఒరిగింది. వల పోయింది, ఆ రోజు పడిన చేపలన్నీ పోయాయి. ఒడ్డున ఉన్నవాళ్లు నీళ్లలోకి దిగి పోతురాజునూ అతని తమ్ముణ్నీ లాక్కొచ్చారు. లాగినవాళ్లలో ధనరాజ్ కూడా ఉన్నాడు.

"ఫోనెందుకు ఎత్తనేదే?" అన్నాడు పోతురాజు ఉప్పునీళ్లు కక్కుతూ.

తాతమ్మ అతని తల తుడుస్తూ ఏడ్చింది.

వాళ్లు ఇంటికి చేరేసరికి లైన్‌మాన్ అసిరయ్య బండి దిగుతున్నాడు.

"కంప్లైంటు మీరేనా సార్? ఒకపాలి ఆలోసించుకోండి. కేసు రాసేనంటే ఈ వైరు మళ్లీ కట్టడానికి నేదు. ఎవులు కట్టినా తప్పే."

"అదే కదయ్యా నాక్కావలసింది! రాయి!"

అసిరయ్య రాశాడు. ఉమాశంకర్ ఫొటో తీయించుకుంటూ సంతకం పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు, మా టవర్లోంచి ఈవిడ ఎంత కరెంటు లాగిందో."

అసిరయ్య తల గోక్కున్నాడు.

"మీ టవర్లోంచా? బిల్లు కట్టనేదని దాని ఫ్యూజు నానే పీకేసినాను సార్. ఏడాది దాటినాది."

"మరి ఈ వైరు?"

"మీరు పన్లోంచి తీసేసిన కుర్రోడే కట్టి ఎల్లినాడు బాబూ, నాను బతిమాల్తే," అంది తాతమ్మ, తడిసిన కొంగు పిండుకుంటూ.

ఏడాది పైగా ఆ టవరు నడుస్తున్నది తాతమ్మ ఇంటి కరెంటు మీద.