నుదురు బల్లకి ఆనించండి

"వడ్రంగీ, నుదురు బల్లకి ఆనించు. వేళ్ళ సందుల్లోంచి చూసే అలవాటు నీకింకా పోలేదు" అంది టీచర్.

వడ్రంగి మీసాల్లో నవ్వుకుని తల వాల్చాడు. నర్సు, బస్సు డ్రైవరు, దర్జీ, టీచర్ కూతురు అప్పటికే కళ్ళు మూసుకున్నారు. ఐదుగురూ ఆ నర్సరీ బడిలో పెరిగినవాళ్ళే. ఇప్పుడు దాని కమిటీ వాళ్ళే. పిల్లల కుర్చీల్లో పట్టక మోకాళ్ళు పక్కకి పెట్టుకున్నారు.

నలభై ఏళ్ళ కిందట మిల్లులో పనిచేసే తల్లులు కలిసి ఒక వరండాలో ఆ బడి పెట్టారు. వంతులవారీగా ఒకరు వండేవారు, ఒకరు బట్టలు ఉతికేవారు. కథలు చెప్పే వంతు టీచర్‌కి పడింది. అది మళ్ళీ ఎవరికీ మారలేదు.

ఒకడు ఇంకొకణ్ణి కొరికినా, ఎవరైనా కుళాయి తిప్పి వదిలేసినా ఆమె కొట్టేది కాదు. అందర్నీ తల వాల్చమనేది. "చేసినవాళ్ళు చెయ్యెత్తండి. నేనొక్కదాన్నే చూస్తాను. ఎవరికీ చెప్పను." ఎన్నడూ చెప్పలేదు. ఆ పిల్లలే కమిటీ అయ్యాక ఓట్లూ అలాగే వేస్తున్నారు. టీచర్ చెప్పిందే లెక్క.

ఈసారి ఓటు బడి మీదే.

గోడ నిలువునా బీట వారింది. పిల్లలు ఒక్క చాపకి సరిపోతున్నారు. వడ్రంగి సొంత పని మానుకుని కిటికీలు బిగిస్తున్నాడు. నర్సు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ఇక్కడికే వస్తోంది. టీచర్ కూతుర్ని పెద్ద స్కూలు వాళ్ళు రెండుసార్లు ఉద్యోగానికి పిలిచారు. వెళ్ళలేదు. "ఈ బడి పోతే నేనూ పోయినట్టే" అంటుంది.

"మూసేద్దామనేవాళ్ళు చెయ్యెత్తండి" అంది టీచర్.

ఒక్కొక్క బల్లనీ చూసుకుంటూ వచ్చింది. కూతురి బల్ల దగ్గర ఎక్కువసేపు ఆగింది.

"చేతులు దించండి. కళ్ళు తెరవండి. మూసేద్దామన్నవాళ్ళే ఎక్కువ."

కూతురు లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఎవరమ్మా?"

"చెప్పనని మాట కదా."

కూతురు వడ్రంగి వైపు తిరిగింది. "నువ్వే అయ్యుంటావన్నయ్యా. మొన్ననే కదా, దీని పనైపోయిందన్నావు!"

"గోడ పనైపోయిందన్నాను. బడి పని అన్నానా? నర్సమ్మనడుగు. రోజూ కునికిపాట్లు పడేది తను."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?" అంది నర్సు. "నాకు నిద్ర చాలట్లేదు, నిజమే. అంతమాత్రాన వెన్నుపోటు పొడుస్తానా?"

"నువ్వు కాదు, నేను కాదు. మరి దెయ్యాలెత్తాయా చేతులు?" అన్నాడు డ్రైవరు.

దర్జీ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రోజూ నర్సుని ఇంటి దగ్గర దింపే డ్రైవరు ఆమెని పిలవకుండానే బయల్దేరాడు.

"నువ్వు ముక్కులు తుడిచి పెంచినవాళ్ళే కదమ్మా! నమ్మించి గొంతు కోశారు. నీకేమీ అనిపించట్లేదా?" అంది కూతురు.

"అనిపిస్తోంది" అంది టీచర్. "ఆ పెద్ద స్కూలుకి ఫోన్ చెయ్యి."

"చేస్తాలే. ఇక్కడింకేం మిగిలిందని!" కూతురు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

గేటు దగ్గర వడ్రంగి నిలబడి ఉన్నాడు.

"టీచర్‌గారూ, నేనెత్తలేదు. మీరు చూశారు కదా. ఆ ఒక్క ముక్కా వాళ్ళకి చెప్పండి, చాలు. చెల్లెలు నా మొహం కూడా చూడనంటోంది."

"ఒకరి సంగతి చెబితే అందరిదీ చెప్పాలి నాన్నా."

అతను తల వంచుకుని వెళ్ళాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నం ఆమె కళ్ళ ముందు ఒక్క చెయ్యి కూడా లేవలేదు.