మైక్రోస్కోపు దగ్గర ఫొటో

"నువ్వు నోరెత్తకు. మైక్రోస్కోపులో కన్ను పెడితే సంగతి ఆయనకే తెలుస్తుంది," అని గైడు గొంతు తగ్గించి చెప్పాడు.

"అడగందే అమ్మైనా పెట్టదు కదా సార్," అంది పరిశోధక విద్యార్థిని.

"నెలనెలా వీడియో కాల్‌లో అడుగుతూనే ఉన్నావుగా. ఏం పెట్టాడు?"

మైక్రోస్కోపులో బల్బు ఎప్పుడో మాడిపోయింది. కొత్తది విదేశం నుంచి ఆమె పరిశోధనకు సలహాలిచ్చే మెంటారే పంపాలి. అది రాక, ఆమె పరిశోధన ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

ఇవాళ ఆ మెంటారే ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని ల్యాబులోకి వచ్చాడు. కోటు సర్దుకుని కూర్చుని మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు.

ఆయన చాలాసేపు చూశాడు.

"అద్భుతం. మంచి పురోగతి," అన్నాడు.

కెమెరా క్లిక్‌మంది. గైడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇప్పుడు మేడం కూడా చూడండి, నవ్వుతూ," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆమె వంగి కన్ను పెట్టింది. లోపల చిమ్మచీకటి. మెంటారు పక్కకొచ్చి, అందరికీ వినిపించేలా, "ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు.

"మీకు కనిపించిందే సార్."

ఆయన ముఖంలో నవ్వు చెదరలేదు. గొంతు మాత్రం బాగా తగ్గింది.

"తెలుసమ్మా. నవ్వు. ఈ ఫొటో చూస్తేనే మా సంస్థవాళ్లు వచ్చే ఏడు కూడా నన్ను ఇక్కడికి పంపిస్తారు."

"బల్బుతోనా సార్?"

"ఫొటోగ్రాఫరుతో."

గైడు ఇటు తిరగలేదు. ఆమె ఆ చీకట్లోకే చూస్తూ నవ్వింది.

ఫొటో చాలా బాగా వచ్చింది.