కనుబొమ్మలు

కిటికీ అవతల తాళ్లకు వేలాడుతూ అద్దం తుడుస్తున్న మనిషి, చెయ్యి ఆపి లోపలికి చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

"ఏంటయ్యా, ఏం కావాలి?" అన్నాడు పొదుపు.

అవతలి మనిషి పలకలేదు. అద్దం మందం కాబోలు అనుకున్నాడు పొదుపు.

పొదుపు అన్నది వాళ్లమ్మ పెట్టిన పేరు కాదు. మేనమామ నడిపే కంప్యూటర్ బొమ్మల ఆఫీసులో, బొమ్మల కదలికలను కుదించి కుదించి సంపాదించుకున్న పేరు.

ఈసారి బొమ్మ ఒక టీచరమ్మ. చెవులు వినబడని పిల్లలకు సైగలతో లెక్కలు చెబుతుంది. ఎవరో మాస్టారు చేసి చూపించిన సైగలన్నీ అంకెలుగా మారి పొదుపు దగ్గరికి వచ్చాయి. ఒక్కో వేలికి, ఒక్కో ముఖకవళికకు సెకనుకు ముప్పై అంకెలు.

ఆ పిల్లల బడిలో నెట్ నత్తనడక. అంకెలు బరువైతే బొమ్మ చెయ్యి గాల్లోనే నిలబడిపోతుంది. సగం మాట మింగేసినట్టే.

"అల్లుడూ, రేపు పదకొండింటికి బడివాళ్లు చూస్తారు. బొమ్మ ఎక్కడన్నా ఆగిందో, మనకో దణ్ణం పెట్టేస్తారు. ఆఫీసుకి తాళమే" అన్నాడు మేనమామ.

"ఆగదు మావయ్యా. వెంట్రుకవాసి కదలికలన్నీ కత్తిరించేశా. బరువు మూడో వంతుకి దిగింది."

"చేతులు పాడుచెయ్యలేదు కదా?"

"వేలు కూడా ముట్టుకోలేదు. మొహంలో అక్కర్లేనివి తీసేశా. కనుబొమ్మలు ఊరికే పైకీ కిందకీ అంటున్నాయి."

"బొమ్మకి కనుబొమ్మలెందుకులే. ఇంట్లో మీ అత్త ఎగరేసేవి చాలు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

కిటికీ అవతలి మనిషి నవ్వలేదు. వేలితో కంప్యూటర్‌లోని టీచరమ్మను చూపించాడు. తన నుదురు చూపించాడు. అద్దం మీది సబ్బు నురగలో రెండు వంకర గీతలు గీసి, మళ్లీ కనుబొమ్మలు ఎగరేశాడు.

"చూశావా మావయ్యా, వెక్కిరింపు."

పొదుపు కర్టెన్ లాగేసి, మేడ మేనేజరుకి ఫోన్ చేశాడు.

"మీ అద్దాలాయన మమ్మల్ని పని చేసుకోనివ్వట్లేదండీ. వేరే మేడకి పంపించెయ్యండి."

"చాలా మంచాయనండీ..."

"అక్కడికెళ్లినా మంచాయనే కదండీ."

మంచాయన అన్న నోటితోనే మేనేజరు మధ్యాహ్నానికల్లా ఆయన్ని ఊరి చివరి మేడకి పంపేశాడు. మేనేజర్లు ఉండేది అందుకే.

మర్నాడు పదకొండింటికి వీడియోలో తరగతి గది కనిపించింది. ఇరవై ఇద్దరు పిల్లలు, పక్కన వాళ్ల మేడమ్.

బొమ్మ నీళ్లలా పారింది. ఒక్కచోటా ఆగలేదు. మేనమామ అల్లుడి వీపు తట్టాడు.

పాఠం అయిపోయింది. పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నారు. ఒక్కరూ జవాబు చెప్పలేదు.

"బొమ్మ బాగానే ఆడింది బాబూ. కానీ ఏదీ అడగట్లేదే?" అంది మేడమ్.

"అడిగింది కదండీ, నాలుగూ మూడూ ఎనిమిదా అని."

"అడగలేదు, చెప్పేసింది. సైగల్లో ఈ ప్రశ్న చేతుల్లో ఉండదు, కనుబొమ్మల్లో ఉంటుంది. అవి లేవకపోతే 'నాలుగూ మూడూ ఎనిమిది' అన్నట్టే. టీచరమ్మ చెప్పింది కదా అని మావాళ్లు బుద్ధిగా పుస్తకాల్లో రాసేసుకున్నారు."

మేనమామ అల్లుడి వైపు చూశాడు. అల్లుడు కిటికీ వైపు చూశాడు. నురగలో రెండు వంకర గీతలు గుర్తొచ్చాయి.

"అరగంట టైమివ్వండి మేడమ్."

కనుబొమ్మలు వెనక్కి వచ్చాయి. పొదుపు పొదుపే కాబట్టి, లేచే చోట ఒక అంకె, దిగే చోట ఒక అంకె ఉంచాడు. మధ్యలోది బడి కంప్యూటరే పూరించుకుంటుంది. బరువు పెరిగీ పెరగనట్టు పెరిగింది.

ఈసారి టీచరమ్మ కనుబొమ్మలు ఎగరేసి అడిగింది.

ఇరవై రెండు తలలు అడ్డంగా ఊగాయి. ఒక పిల్ల లేచి వచ్చి, టీచరమ్మ ముక్కు ముందు ఏడు వేళ్లు ఆడించి మరీ దిద్దింది.

మేడమ్ పకపకా నవ్వింది. "ఇంక ఏడాది పాఠాలూ మీవే."

మేనమామ కుర్చీలో ఒక చుట్టు గిర్రున తిరిగాడు.

"మేడమ్, ఈ సైగలు చేసిన మాస్టారెవరండీ? ఆ కనుబొమ్మలకి థాంక్స్ చెప్పాలి" అన్నాడు పొదుపు.

"ఆదివారాలు మా పిల్లలకి పాఠం చెప్పే మాస్టారే. ఆయనకీ వినబడదు, ఫోన్‌లో చెప్పి లాభం లేదు. మిగతా రోజులు మీ మేడ అద్దాలు తుడిచేది ఆయనే కదా బాబూ, కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు మీరే ఓసారి కనుబొమ్మలు ఎగరెయ్యండి."